ఊగని బరువు

బీమా ఆఫీసు హాల్లో కుర్చీలు బోలెడన్ని ఖాళీగా ఉన్నా అతను ఏరికోరి స్తంభం పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. అక్కణ్ణుంచి టోకెన్ నంబర్లు వెలిగే బోర్డు కనబడదు. కనబడకపోతే దానివంక తలెత్తి చూసే పని లేదు, తలెత్తకపోతే అంతా బాగానే ఉంటుంది. బాగానే ఉంది కూడా. పొద్దున లేచాడు, స్నానం చేశాడు, దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు, రెండు బస్సులు మారి ఇంత దూరం వచ్చాడు, రెండో బస్సులో నిలబడే వచ్చాడు, ఎక్కడా తూలలేదు, ఎవరి భుజమూ పట్టుకోలేదు, పైగా తూలబోయిన ఒక ముసలాయన్ని తనే పట్టుకుని నిలబెట్టాడు, మనిషి బాగయ్యాడనడానికి ఇంతకన్నా ఏం కావాలి. లోపలికి పిలిచాక ఆ డాక్టరుకి తిన్నగా చెప్పేస్తాడు, నాకు తగ్గిపోయిందండీ, ఈ జబ్బు సెలవు ఇంక పొడిగించక్కర్లేదు, పనిలోకి పంపెయ్యండి అని. సంతకం పడుతుంది. సోమవారం పొద్దున మళ్లీ క్రేన్ ఎక్కుతాడు. వస్తున్నానని యార్డులో చెప్పాల్సినవాడికి నిన్ననే ఫోన్ చేసి చెప్పాడు కూడా. ఇంటి దగ్గర భార్య మాత్రం ఈయన సెలవు పొడిగించమని అడగడానికే వెళ్లాడనుకుంటోంది, మందుల చీటీలూ పరీక్షల కాగితాలూ అన్నీ ఒక సంచిలో సర్దిపెట్టి, ఏదీ దాచకుండా చెప్పండి అని గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది. దాచడానికి ఏముంది గనక. సంచిని ఒళ్లో పెట్టుకుని ఎదురుగా గోడ మీద, సరిగ్గా తన కంటి ఎత్తులో ఉన్న ఒక మేకుని చూస్తూ కూర్చున్నాడు. మేకు కదలడం లేదు. మంచి మేకు.

పక్క కుర్చీలో ఒకావిడ వచ్చి కూలబడింది. కుడిచేతికి మణికట్టు నుంచి మోచేయి దాకా పట్టీ, ఎడమచేతిలో టోకెన్ కాగితం, నోట్లో సంచి తాడు. సంచి ఒళ్లోకి వదిలాక గాని మాట రాలేదు.

"ఎంతసేపయిందండీ వచ్చి?"

"కాసేపయింది. అమ్మా, నా నంబరు వస్తే కాస్త చెప్తారా?" అని తన టోకెన్ చూపించాడు.

"ఏం, కళ్లు ఆనవా?"

"ఆనుతాయి. స్తంభం అడ్డం."

"అటు కుర్చీలన్నీ ఖాళీయేగా."

"ఇక్కడ ఫ్యాను గాలి బాగుందని."

ఆవిడ పైకి చూసింది. "ఏ ఫ్యాను?" అంది.

అతను తలెత్తలేదు. ఎత్తకుండానే అర్థమైంది, నెత్తిన ఫ్యాను లేదని. గాలి ఏ కిటికీలోంచో వస్తోంది కాబోలు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, "సరే, బోర్డుకి నన్ను కాపలా పెట్టారన్నమాట. జీతమెంతిస్తారు?" అని నవ్వేసింది. క్యాంటీన్‌లో వంటమనిషినని, పెద్ద పెద్ద గిన్నెల్లో గరిటె తిప్పి తిప్పి చేతినరం వాచిపోయిందని అడక్కుండానే చెప్పింది. "మీకేమైంది? చూడబోతే పెళ్లికొడుకులా ఉన్నారు."

"చెవి లోపల."

"వినబడదా?" అని గొంతు పెంచింది.

"వినబడుతుందమ్మా, అరవకండి. తల తిరిగేది. ఇప్పుడు లేదు."

పెళ్లికొడుకులా ఉన్నారు. ఈ మాట ఈమధ్య ఎంతమంది అన్నారో. జబ్బన్నాక పైకి కాస్త కనబడాలి. ఈవిడకి పట్టీ ఉంది, ఎదురు వరసలో కూర్చున్న మనిషికి చంకలో కర్ర ఉంది, ఆ చివర కూర్చున్నాయనకి దగ్గు ఉంది, ఎంత నమ్మకంగా దగ్గుతున్నాడంటే వినేవాళ్లే లేచి ఆయనకి సెలవిచ్చేసేలా ఉన్నారు. తనకేముంది చూపించడానికి, చెవి కూడా బయటికి చక్కగానే ఉంటుంది, ఉంగరాలు తిరిగిన జుట్టు పక్కన ముచ్చటగా ఉంటుందని పెళ్లైన కొత్తలో భార్య అనేది కూడా. భార్య తమ్ముడికి మాత్రం అన్నిటికీ ఒక మాట ఉంటుంది, బావమరిది అన్నాక వేళాకోళం వాడి హక్కు. ఆమధ్య కూరగాయల కొట్టు దగ్గర ఎదురుపడి, ఏం బావా, జబ్బు మనిషివి నీకు బజార్లో ఏం పని, పైగా నవ్వుతున్నావు, ఎవడన్నా చూశాడంటే భత్యం ఆపేస్తారు, కాస్త మూలుగు అన్నాడు. కొట్టువాడు నవ్వాడు, తనూ నవ్వాడు. ఇంటికొచ్చాక ఆ నవ్వు ఎక్కడో ఇరుక్కుపోయింది. అప్పట్నుంచీ బజార్లో ఎలా నడవాలో తెలీడం మానేసింది, గబగబా నడిస్తే బాగున్నట్టు, మెల్లగా నడిస్తే నటిస్తున్నట్టు. జబ్బు మనిషి నవ్వకూడదా, కూరగాయల్లో పుచ్చులు ఏరి పక్కన పెట్టకూడదా? ఇంట్లో ఉంటే కూర్చుని తింటున్నాడంటారు, బయటికొస్తే తిరుగుతున్నాడంటారు, ఇక మిగిలింది పడుకోవడమే, మొదటి రోజుల్లో పడుకుంటే గదే తిరిగేది.

కూర్చుని తినడమంటే అతనికి చిన్నప్పట్నుంచీ భయం. వాళ్ల నాన్న కంచం ముందు కూర్చుని ముద్ద కలిపే ముందు ఒక క్షణం ఆగేవాడు, ఎందుకు నాన్నా ఆగుతావు అంటే, దీనికి సరిపడా చేశానా లేదా అని చూసుకుంటున్నా అనేవాడు. ఆ ఆగడం తనకీ అంటుకుంది. ఇన్నేళ్లూ జవాబు కోసం వెతుక్కోవాల్సిన పని పడలేదు, ఒంట్లో అలసటే జవాబు చెప్పేది. ఇప్పుడు ఉద్యోగం ఉంది, గుర్తింపు కార్డు ఉంది, హాజరు పట్టీలో పేరుంది, మనిషి మాత్రం ఇంట్లో ఉన్నాడు, యార్డువాళ్ల జీతం ఆగి ఆ జీతంలో కొంత వాటా నెలనెలా బీమావాళ్ల దగ్గర్నుంచి వస్తోంది. వచ్చినప్పుడు ఫోన్ టింగుమంటుంది. ఆ టింగు విన్న పూట ముద్ద దగ్గర చెయ్యి ఆగి కదలదు. స్వామీ, పని చేసినప్పుడు పెట్టావు, అది నాకర్థమవుతుంది, చెయ్యనప్పుడూ పెడుతున్నావు, ఇదేం పద్ధతి, తరవాత అడుగుతావా అని ఒకసారి పటం ముందు పైకే అనేశాడు. వంటింట్లోంచి భార్య విన్నది. దేవుడెందుకు అడుగుతాడండీ, ఉద్యోగంలో చేరింది మొదలు ప్రతినెలా మీ జీతంలోంచి కోసుకుంటూనే ఉన్నారుగా, అప్పుడు జబ్బు పడ్డవాళ్లెవరో తిన్నారు, ఇప్పుడు మీరు తింటున్నారు, లేచాక మళ్లీ మీరు ఇంకొకరికి పెడతారు, ఇందులో బెంగేముంది, చల్లారిపోతోంది తినండి అంది. ఆమెకి ఎంత పెద్ద విషయమైనా చల్లారే లోపు తేలిపోవాలి. మాట సబబుగానే ఉంది. కాదనడానికి లేదు. కాని సబబైన మాట చెవికెక్కినంత తేలిగ్గా ముద్ద గొంతు దిగదు. పోనీలే, ఎన్నాళ్లు, సోమవారంతో ఆ గొడవా తీరిపోతుంది.

సోమవారం. ఆ క్రేన్ గది తలుచుకుంటేనే ఒళ్లు తేలికవుతుంది, మూడువైపులా అద్దం, కాళ్ల కింద కూడా అద్దం, యార్డు మొత్తం పాదాల కింద పరుచుకుని ఉంటుంది, ఇనప గొట్టాల కట్టలు, లారీలు, పసుపు టోపీలు. పైనుంచి మనుషుల ముఖాలు కనబడవు, టోపీలూ నడకలే కనబడతాయి, నడకను బట్టే ఎవరెవరో చెప్పగలడు, ఎవరికి ఇంట్లో తగువైందో కూడా చెప్పగలడు. యార్డులో అతని పేరు పైవాడు. ఏ లారీ డ్రైవరన్నా తొందర పెడితే, మా చేతుల్లో ఏముందయ్యా, అంతా పైవాడి దయ అనేవాళ్లు కిందవాళ్లు, అతను కిటికీలోంచి చెయ్యి చాపి దీవించేవాడు. ఇలాంటి వేళాకోళానికి దేవుడేమనుకుంటాడో అని మొదట్లో బెరుగ్గా ఉండేది, ఆయనకి మాత్రం నవ్వులాట ఉండదా అని తరవాత సర్దుకున్నాడు. రోజూ మొదటి కట్ట ఎత్తే ముందు మీటల మీద చేతులుంచి కళ్లు మూసుకుని, కిందున్నవాళ్లందరూ నీవాళ్లే, చూసుకో అని ఒక్క మాట అనుకునేవాడు. అప్పుడు ఈల వినబడేది. ఈల వేసేవాడి పేరు కూడా ఈలే, అసలు పేరు అందరూ మరిచిపోయారు. కింద నిలబడి చేతులతో సైగలు చేసేది వాడు, ఎత్తు, దించు, ఎడమకి, కొంచెం, ఇంకొంచెం, ఆపు. సైగకి ముందు నోట్లో వేళ్లు పెట్టి ఒక ఈల, అది వినగానే మనుషులు పక్కకి తప్పుకుంటారు. వాడు కింద, తను పైన, మధ్యలో అంత గాలి, ఇద్దరూ నోటితో మాట్లాడుకున్నది తక్కువే, కాని ఇంట్లో భార్యతో కూడా అంత పొరపాట్లు లేకుండా మాట్లాడుకుని ఉండడు.

తాడుకి వేలాడే బరువు ఊగుతుంది. ఊగకుండా ఎత్తేవాడు ఎక్కడా లేడు, ఊగాక ఏం చేస్తాడన్నదే పనితనం. కొత్తవాడికి బరువు కుడికి ఊగితే క్రేన్‌ని ఎడమకి లాగాలనిపిస్తుంది, లాగాడా ఊపు రెట్టింపవుతుంది. తెలిసినవాడు దాని వెంట వెళ్తాడు, అది కుడికి పోతే తనూ కుడికే, తొందర లేకుండా, సరిగ్గా దాని నెత్తి మీదికి చేరి ఆగుతాడు, అదీ ఆగుతుంది, అలిగి వెళ్తున్నవాళ్ల వెంట నడిచి మాటల్లో పెట్టి ఇంటికి తెచ్చినట్టు. చెప్తే వచ్చే విద్య కాదది, చేతులకి రావాలి. అతని చేతులకి వచ్చింది, మనసుకి తెలిసే లోపే చేతులు వెంట వెళ్లిపోయేవి.

ఆ రోజు కట్ట ఊగలేదు. అదీ సంగతి. గాలి లేదు, తాడు నిటారుగా ఉంది, ఈల నిలబెట్టమన్న చోట గొట్టాల కట్ట గాల్లో బుద్ధిగా నిలబడే ఉంది. ఊగింది తన తల. చెవి లోపల ఒక నరం వాచిందని తరవాత ఆస్పత్రిలో చెప్పారు, అప్పుడేం తెలుసు, కట్ట ఎడమకి జారిపోతున్నట్టు కనబడింది, చేతులు ఎవర్నీ అడక్కుండా ఎప్పట్లాగే దాని వెంట ఎడమకి వెళ్లాయి. లేని ఊపుని పట్టుకోబోయి నిజం ఊపుని పుట్టించాడు. అది ఒకవైపు ఊగుతుంటే అతనికి ఇంకోవైపు ఊగుతున్నట్టు ఉంది, చేతులు అటు పరిగెత్తాయి, ఎంత పట్టుకోబోతే అంత పెద్దదైంది. క్రేన్ సంగతి ఏమీ తెలియనివాడు ఆ గదిలో ఉండి ఉంటే భయపడి మీటలు వదిలేసేవాడు, ఏమీ జరిగేది కాదు. తెలిసినవాడు గనకే వెంటపడ్డాడు. ఆ కట్ట ఈల నిలబడ్డ చోటు మీదుగా వెళ్లింది. వాడు అక్కడ లేడు, రెప్పపాటు ముందు పక్కకి దూకి నేల మీద పడి, పడ్డచోటి నుంచే రెండు చేతులూ బార చాపి ఆపు ఆపు అని సైగ చేస్తున్నాడు, టోపీ దొర్లుకుంటూ పోతోంది. ఆ చేతులు చూసి మీటలు వదిలేశాడు. వదిలాక వాంతి. ఫోర్‌మన్ పైకి ఎక్కి వచ్చి మొట్టమొదట అన్నమాట, నోరు ఊదు, తాగావా అని. ఊదాడు. కింద ఒకడు పాదం పట్టుకుని ఒక్కో మెట్టు మీద పెడుతుంటే చంటిపిల్లాడిలా దిగాడు. ఏం కాలేదులే అన్నా, ఏం కాలేదు అని ఈల మోకాళ్లు దులుపుకుంటూ అంటూనే ఉన్నాడు. నిజమే, ఎవరికీ ఏమీ కాలేదు. అప్పట్నుంచీ దేవుడి దగ్గర ఒక ప్రశ్న పెట్టి ఉంచాడు, వాణ్ణి దూకించింది నువ్వా, వాడి కాళ్లా? నువ్వే అయితే ఆ చెయ్యేదో ముందుగా నా చెవి దగ్గరే వేసుంటే సరిపోయేదిగా? ఇలా అడగడం తప్పేమో. కాని ఇది ఆయన్ని అడక్క ఎవర్ని అడుగుతాడు, ఫోర్‌మన్‌నా?

"ఇంకా మీ ముందు కొంతమంది ఉన్నారు," అంది వంటావిడ, కాపలా మరిచిపోలేదని చెప్పడానికన్నట్టు. "సెలవు పొడిగించమనడానికేనా మీరూ?"

"కాదమ్మా. తగ్గింది, పనిలోకి పోతానని చెప్పడానికి."

"ఓరి నాయనో," అని ఆవిడ పూర్తిగా అతనివైపు తిరిగింది. "ఇక్కడికొచ్చి పోతాననేవాణ్ణి ఇప్పుడే చూడటం. నేనూ మొన్నామధ్య అలాగే బడాయికి పోయానండీ. తగ్గిందన్నాను, వెళ్లాను, వేణ్ణీళ్ల గిన్నె ఎత్తాను, చెయ్యి వదిలేసింది. నా పాదం మీదే పడ్డాయి గనక సరిపోయింది. మీరేం పని చేస్తారు?"

"క్రేన్ నడుపుతా."

"అంత ఎత్తున ఉంటుంది, అదా?"

"అదే."

ఆవిడ పట్టీ కట్టిన చేతిని ఒళ్లో సర్దుకుంది. "మా వీధి చివర ఒకటి పెట్టారు. అది తిరుగుతున్నప్పుడు నేను ఆ పక్కకి పోను బాబూ, చుట్టు తిరిగి పోతా," అంది. తరవాత, "నా మెడ లాగుతోంది, కాసేపు బోర్డు మీరు చూడండి," అంది.

అతను లేచాడు. లేచి స్తంభం పక్కకి వచ్చి నిలబడ్డాడు. బోర్డు ఎడమవైపు పైన ఉందని తెలుసు, అక్కడ ఎర్రటి వెలుగేదో కంటి కొసకి తగులుతోంది. గోడ కింది భాగం చూశాడు, గోడ మధ్య భాగం దాకా చూశాడు, అక్కడ ఆగాడు. ఇందాక గుమాస్తా ఎవరినో పిలిచిన నంబరుకి ఒకటి కలిపి చెప్పాడు.

"అది కాదు," అంది ఆవిడ కూర్చున్నచోటి నుంచే. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు, ఉప్పు సరిపోలేదని చెప్పినట్టు చెప్పింది, అంతే. అతను వచ్చి మళ్లీ కూర్చున్నాడు.

చూడలేక కాదు, అవసరం లేక. తన పనంతా కిందికి చూడటమే. క్రేన్ గదిలో కూర్చున్నవాణ్ణి పైకి చూడమని ఇంతవరకూ ఎవరన్నా అన్నారా? పైన ఏముంది చూడటానికి, ఆకాశం, దాన్ని ఎత్తేదీ లేదు, దించేదీ లేదు. కిందికి చూస్తే ఏమీ కావడం లేదు, పక్కలకి చూస్తే ఏమీ కావడం లేదు, స్నానాల గదిలో తలుపేసుకుని కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడటం సాధన చేశాడు, నిలబడుతున్నాడు, గీత మీద నడిచినట్టు హాల్లో బండల అంచు మీద నడుస్తున్నాడు, బీమా డాక్టర్లు ఇవే చేయిస్తారని ముందే కనుక్కున్నాడు. మరి పై అలమరలో డబ్బాలన్నీ కిందికి ఎందుకొచ్చాయి? అది తనే దించాడు, భార్య పొట్టి మనిషి, పాపం, అందవని. ఇన్నేళ్లూ అందుతూనే ఉన్నాయి మరి. ఆమె పొట్టిదే గాని అలమర అందనంత పొట్టిదేం కాదు, వినిందంటే అట్లకాడ తీసుకుంటుంది. బట్టలు ఆరేసే తీగ ఎందుకు కిందికి కట్టాడు? ఎప్పుడూ కుడిపక్కకే ఎందుకు పడుకుంటున్నాడు? గడ్డం గీసుకునేటప్పుడు మెడ దగ్గర వెంట్రుకలు ఎందుకు మిగిలిపోతున్నాయి? ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఏమీ కాదు. మొన్న సాయంత్రం పాలు తెస్తుంటే పై అంతస్తు నుంచి కూతురు, నాన్నా, ఇటు చూడు, నా కొత్త జడ చూడు అని అరిచింది. అతను నేల వంక చూస్తూనే చెయ్యి పైకెత్తి ఊపి, బాగుందమ్మా, చాలా బాగుంది అన్నాడు. పైకి వెళ్లాక పిల్ల గుమ్మంలో నిలబడి, నువ్వు చెత్తబుట్టకి చెయ్యి ఊపావు నాన్నా అంది. నవ్వింది గాని ఎక్కువసేపు నవ్వలేదు. అమ్మతో చెప్పొద్దా అని అడిగింది. ఎందుకడిగిందో అప్పుడు పట్టించుకోలేదు, ఇక్కడ ఈ స్తంభం పక్కన కూర్చుంటే తెలుస్తోంది, పిల్ల తనకన్నా ముందే కనిపెట్టేసింది. తగ్గిందనుకున్నది తగ్గడం కాదేమో. ఇంట్లో ఉన్న వస్తువులన్నీ తన కంటి ఎత్తుకి దిగివచ్చాయి, అంతే. యార్డులో నిచ్చెన దిగి రాదు. దాన్ని తలెత్తి చూసే ఎక్కాలి. పట్టుకుని కళ్లు మూసుకుని ఎక్కితే? ఎక్కగలడు, ఎన్ని వేలసార్లు ఎక్కాడు, మెట్లు కాళ్లకి కంఠతా వచ్చు. ఎక్కేస్తాడు. ఎక్కాక తాడు పైనుంచి సరిగ్గా చుట్టుకుందా లేదా అని రోజూ ఒక్కసారి తలెత్తి చూసుకోవాలి, అది ఈలని చూడమంటాడు. వాడు కింద నుంచి చూస్తాడు. వాడు చూడాల్సింది కట్టని కదా, తాడుని చూస్తూ కట్ట కింద...

"మీదే, మీదే, వెలిగింది," అంది వంటావిడ. "వెళ్లండి. మెల్లగా లేవండి."

డాక్టరు పెద్దాయన, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని కళ్లజోడు కోసం బల్లంతా తడుముకుంటున్నాడు. అతను వేలు పెట్టి చూపించాడు. "ఓహో, థాంక్స్," అని నవ్వి దించుకుని కాగితాలు చదివాడు. నిలబడమన్నాడు, కళ్లు మూసుకోమన్నాడు, ఒంటికాలి మీద, ఇంకో కాలి మీద, గీత మీద నడవండి, వెనక్కి రండి, నా వేలిని కళ్లతో వెంబడించండి. స్నానాల గదిలో చేసినవే. ఎంత చక్కగా చేశాడంటే తనకే ముచ్చటేసింది.

"బాగా కోలుకున్నారే. పనిలోకి వెళ్తారా మరి?"

"వెళ్తానండీ."

"శుభం," అని డాక్టరు కలం మూత తీశాడు.

అయిపోయింది. ఇంత తేలికా. కలం కాగితం మీద కదులుతోంది, ఆయన రాసేది తను చెప్పిన మాటని, మనిషి మాట మీద మనిషి సంతకం, బయట అంతమంది కూర్చుని ఉంటే ఒక్కొక్కరినీ తిరగేసి మరగేసి చూడ్డానికి పాపం ఆయనకి మాత్రం తీరికెక్కడిది, ఎదుటివాడు వెళ్తానంటుంటే వద్దని ఎందుకంటాడు. బావమరిది ఇక నోరెత్తడు. టింగు వినబడదు. నాన్నలాగా ముద్ద దగ్గర ఆగినా ఫర్వాలేదు. కుడిచెయ్యి తొడమీద అప్పుడే మీట పట్టుకున్నట్టు ముడుచుకుంటోంది. ఈ చేతులకి ఎప్పుడూ తొందరే, మనసుకి చెప్పకుండా వెంటపడతాయి, బావమరిది ఒక మాటంటే దాని వెంట, ఫోను టింగుమంటే దాని వెంట, ఇవ్వాళ వెళ్తానండీ అన్నది కూడా మనసు కాదు, ఈ చేతులే అన్నట్టున్నాయి. స్వామీ, ఆ రోజు వాణ్ణి దూకించింది నువ్వో వాడి కాళ్లో నువ్వింతవరకూ చెప్పలేదు. చెప్పకు. కాని రెండోసారీ దూకుతాడని నేనెలా అనుకోను?

"డాక్టరుగారూ, ఒక్క నిమిషం," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది, దించు అన్నప్పుడు దించినంత మామూలుగా. "మీరు నన్ను పైకి చూడమనలేదు."

కలం ఆగింది. డాక్టరు కళ్లజోడు మీదుగా చూశాడు. లేచి వచ్చి అతని భుజం పక్కన నిలబడి, "చూడండి," అన్నాడు.

చూశాడు. కప్పు తెల్లగా ఉంది, ఒక మూల తడి మరక ఉంది, ఎన్నాళ్లకి చూస్తున్నాడు ఒక కప్పుని, ఒక క్షణం అది నిలబడే ఉంది, తరవాత మరక ఎడమకి జారడం మొదలుపెట్టింది, మెల్లగా, బుద్ధిగా, జారుతూనే ఉంది, జారి జారి మళ్లీ మొదటికి వచ్చి మళ్లీ జారుతోంది. డాక్టరు రెండు భుజాలూ గట్టిగా పట్టుకున్నాడు.

"చాలు, కిందికి చూడండి. నన్ను చూడండి. ఆ చెయ్యేమిటి, బల్ల మీద అలా జరుపుతున్నారు?"

చూసుకున్నాడు. కుడిచెయ్యి బల్ల మీద ఎడమకి పాకిపోయి ఆయన కలం దాకా చేరింది. "దాని వెంట వెళ్తోందండీ," అన్నాడు.

డాక్టరుకి అర్థమైందో లేదో, అతన్ని కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. "ఇది చెప్పకుండా వెళ్లిపోదామనే వచ్చారా?"

"వెళ్లిపోయేవాణ్ణే."

"మరి ఎందుకు చెప్పారు?"

"మీరు సంతకం పెట్టేస్తున్నారు గనక."

పెద్దాయన రాసిన కాగితం మడిచి పక్కన పడేశాడు, ఇంకో కాగితం తీశాడు. "చూడమని నేనే అనాల్సింది," అన్నాడు. సెలవు పొడిగించాడు. మెడకీ కళ్లకీ చెయ్యాల్సిన కసరత్తులు బొమ్మలు గీసి చూపించి, తప్పించుకు తిరిగితే చెవి నేర్చుకోదు, రోజూ కాస్త తల తిరిగే దాకా పైకి చూడాలి, ఇంట్లో పట్టుకోవడానికి ఎవరన్నా ఉన్నారా అని అడిగాడు. ఉన్నారండీ, పొట్టిది గాని గట్టిది అన్నాడు. ఇంటికి వెళ్లగానే డబ్బాలన్నీ మళ్లీ పైకి ఎక్కించాలి అనుకున్నాడు.

హాల్లో వంటావిడ కుర్చీ ఖాళీగా ఉంది, ఆవిణ్ణి ఇంకో గదిలోకి పిలిచినట్టున్నారు. బయటికొచ్చాడు. మెట్ల పక్కన గోడకి వీపు ఆనించి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి ఫోన్ తీశాడు. యార్డు చప్పుడు, ఇనుము మీద ఇనుము, తరవాత ఈల గొంతు.

"అన్నా."

"సోమవారం రావట్లేదురా."

"ఏమైంది? ఆళ్లు ఒప్పుకోలేదా?"

"ఆయన ఒప్పుకున్నాడు. నేనే ఒప్పుకోలేదు. ఇంకా తిరుగుతోంది."

అటునుంచి ఒక ఊపిరి వినబడింది, నిన్నట్నుంచీ పట్టుకుని ఉన్నట్టు, చాలా పొడుగ్గా.

"అన్నా, ఒకటి చెప్తా, తిట్టకు."

"చెప్పు."

"నిన్న నువ్వు వస్తున్నానన్నావు కదా. పొద్దున ఫోర్‌మన్ దగ్గరికెళ్లా. నన్ను గోదాంలోకి మార్చమని అడిగా."

అతను గోడకి ఆనించిన వీపు తీయలేదు. రోడ్డు మీద బస్సులు పోతున్నాయి, దేని పనిమీద అది. కోపం వస్తుందేమోనని ఆగి చూశాడు, రాలేదు. వాడి మోకాళ్లే గుర్తొచ్చాయి.

"నాతో అనొచ్చుగా."

"ఎట్లా అనను? అంత సంతోషంగా చెప్తుంటివి."

"ఫోర్‌మన్ ఏమన్నాడు?"

"రేపు చెప్తానన్నాడు."

"ఇప్పుడే వెళ్లి వద్దని చెప్పు."

"వెళ్తున్నా." అన్నాడే గాని ఫోన్ పెట్టలేదు.

"నేను వచ్చేది నువ్వు చెప్పినప్పుడే. ముందు నువ్వొచ్చి నన్ను పైకి చూడమను, అప్పుడు చూద్దాం," అన్నాడు అతను. "ఆ కొత్తవాడెలా దించుతున్నాడు?"

"మెల్లగా అన్నా. ఎంత మెల్లగా అంటే కింద నిలబడి నాకు పిచ్చెక్కుతోంది."

"ఎక్కనీ," అన్నాడు పైవాడు. "నేనొచ్చేదాకా అలాగే దించమను."